పిలుపు పంపకం

నా గొంతులో గడ్డ కోసి తీశాక గాలి మిగిలింది, మాట మిగల్లేదు. పాలమూరు దవాఖానలో నా ప్రాణం నిలబెట్టారు, కాదనను. మందకు మాత్రం నేను పోయినట్టే. ఇంటికి వచ్చిన తెల్లవారి దొడ్డి తడిక తీసి పిలిచాను. చిరిగిన తిత్తిలోంచి గాలి వచ్చినట్టు వచ్చింది. పడుకున్న గొర్రెలు పడుకునే ఉన్నాయి. ముసలి బొల్లి గొర్రె ఒకటి నన్ను చూసి, మళ్లీ నెమరుకు పడింది.

నా భార్య నాగరాణి వాకిట్లోంచి ఇదంతా చూసింది.

"నేను పిలుస్త. నాకు నోరు లేదా?" అంది.

నేను తల అడ్డంగా ఊపాను.

"ఊపు. డాక్టరు గొంతు కోసిండు గని తల జోలికి పోలేదు గదా," అని లోపలికి పోయింది. కాసేపు గిన్నెలు మోగాయి.

మా ఇళ్లలో ఆడవాళ్లు గొర్రెపిల్లలకు పాలు పట్టిస్తారు, గిట్టల పుండ్లు కడుగుతారు, దొడ్డి ఊడుస్తారు. మందను పిలవరు. ఎందుకని నేను ఎన్నడూ అడగలేదు. మా నాయిన అడగలేదు. అడగకుండా వచ్చినవి మా ఇళ్లలో చాలా ఉన్నాయి.

మా ఊరు దేవరకొండ రోడ్డుకు బాగా లోపల. ఊరవతల వాగు పక్కన ఇటుక బట్టీ ఉంది. చలి మొదలవగానే ఒడిశా నుంచి మనుషులు వస్తారు, తొలకరికి లారీ ఎక్కి పోతారు. వాళ్లలో ఘాసీరామ్ ఒకడు. బొలంగీర్ దిక్కువాడు. ఏటా రావడంతో తెలుగు విరిచి విరిచి మాట్లాడేవాడు. ఆ ఏడు పచ్చి ఇటుకల వరుస కూలి అతని కాలి మీద పడింది. అతని పెండ్లామూ బావమరిదీ ఇటుకలు కోస్తుంటే అతను కుంటుకుంటూ వచ్చి మా దొడ్డి దగ్గర కూర్చునేవాడు. చుట్టాల పిల్లలను చూసినట్టు గొర్రెలను చూసేవాడు. వాళ్ల ఊళ్లో వాళ్లదీ పశువుల కాపరి కులమేనట.

ఒకరోజు నేను కర్రతో అదిలిస్తూ మందను బయటికి తోలలేక చెమటలు కక్కుతున్నాను. ఘాసీరామ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ లో... ఆ! ఆ లో... ఆ!"

మంద లేచింది. ఒకటి వెనక ఒకటి తడిక దాటి అతని కుంటి కాలి చుట్టూ చేరాయి.

ఏమన్నావని చేత్తో అడిగాను.

"ఆ అంటే రా, అన్నా. లో అంటే ఆడపిల్లను పిలుస్తం గదా, ఒసే అని, గట్ల. రావే పిల్లా రావే అన్న. అంతే."

ఆ రోజు నుంచి అతన్ని జీతానికి పెట్టుకున్నాను. నా మంద ఒడియాలో నడవడం మొదలుపెట్టింది.

ఇది చూసే మా అన్న ఐలేశం వచ్చాడు. అన్న ఇల్లు ఎదుటి గుట్ట వాలు మీద. గొర్రెల వెంట తిరగడం మానేసి ఎన్నో ఏళ్లు. నకిరేకల్ దిక్కు బేరాలు చేస్తాడు. మంద ఇద్దరిదీ. కాచేది నేను. వచ్చి మంచం మీద కూర్చుని దొడ్డి వైపు చాలాసేపు చూశాడు.

"మంచిగున్నవా తమ్మీ పరమేష్? నాయిన పోయి ఎన్నేండ్లాయె. ఇగ మంద పంచుకుంటే మంచిగుంటది."

"ఇన్నేండ్లు యాదికి రాలేదా బావా?" అంది నాగరాణి. "తమ్ముని గొంతు పోయినంకనే యాదికొచ్చిందా?"

"గట్లెందుకంటవమ్మా. వీడు గొంతు ఉన్నప్పుడు మాత్రం మాట్లాడిండా? మాకైతే ఫరక్ ఏం తెలుస్తలేదు."

నవ్వాడు. నేనూ నవ్వాను. నా నవ్వుకు చప్పుడు లేదు.

మా కులంలో మందను పంచడానికి తలలు లెక్కపెట్టరు. పిలుస్తారు. అన్నదమ్ములు బయలు మీద చెరో దిక్కు నిలబడతారు. మందను నడుమ వదులుతారు. ఎవరి పిలుపుకు ఎన్ని వస్తే అన్ని వాళ్లవి. ఇంటి గొంతే ఉండాలి, జీతగాడి గొంతు చెల్లదు. ఇంకో మాట కూడా ఉంది. పంపకం తేలేదాకా గొర్రె ఎవరూ తోలకుండా తన కాళ్లతో నడిచి ఎవరి దొడ్డిలో చేరితే వాళ్లదే. గొర్రెకు అబద్ధం రాదని మా పెద్దల నమ్మకం.

కులపెద్ద కృష్ణయ్య వచ్చి కూర్చున్నప్పుడు నాగరాణి తడిక పక్కన నిలబడి అడిగింది.

"పెద్దయ్యా, నేను ఇంటి మనిషినే గదా. నేను పిలిస్తే చెల్లదా?"

కృష్ణయ్య తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "కాదనేటోన్ని నేను గాదు. నీ పెనిమిటి ఊ అనాలె."

అందరూ నా వైపు చూశారు. నేను నేల చూశాను. తొలకరి పడగానే పంపకం అని కృష్ణయ్య చెప్పి లేచాడు. అంతా పోయాక కూడా అన్న లేవలేదు. ఘాసీరామ్ మందను మళ్లించుకొస్తుంటే, అతని నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో సిగ్నె వచ్చింది. బట్టీ దగ్గర ఒడిశా పిల్లల కోసం పెట్టిన బడికి వచ్చిన తెల్లావిడ. దేశం స్వీడన్. ఒడియా బాగా నేర్చింది. ఒడియావాళ్లు నేల వదిలి ఎక్కడెక్కడ బతుకుతుంటే అక్కడికి పోయి, వాళ్ల మాట ఎట్లా మారుతుందో చూస్తోందట. గొర్రెలతో ఒడియా మాట్లాడే మనిషి ఉన్నాడని పిల్లలు చెబితే మా దొడ్డికి వచ్చింది. రోజూ వచ్చేది. ఎండ సోకి ముఖం కుంకుడుకాయలా అయినా పోయేది కాదు. ఆవిడా ఘాసీరామూ ఒడియాలో మాట్లాడుకునేవారు, అతను నాకు తెలుగులో చెప్పేవాడు.

ఒకరోజు పుల్లతో దుమ్ములో వాళ్ల దేశం గీసింది. సన్నగా, పొడుగ్గా, నిలువునా వేలాడదీసిన మేకతోలులా ఉంది. దాని పక్కన సముద్రం, సముద్రం అవతల ఇంకో దేశం ఒడ్డు. ఆ ఒడ్డు మీదా కొందరిది స్వీడిష్ మాటేనట. అంతా కలిపినా కోటి మందికి కాస్త అటూ ఇటూ. ఇటు ఒడియా నేల గీసింది. తూర్పున సముద్రం, పడమట గుట్టలు. మాట్లాడేవాళ్లు నాలుగు కోట్లకు తక్కువ లేరు. గీత దాటి శ్రీకాకుళంలో ఉన్నారు, పక్క రాష్ట్రాల్లో ఉన్నారు, ఇదిగో ఈ బట్టీలో ఉన్నారు. ఆ మాట ఇక్కడిదాకా వచ్చింది అంటూ పుల్లతో మా దొడ్డి ముందర ఒక చుక్క పెట్టింది.

"సముద్రం నేను చూడలే," అన్నాడు ఘాసీరామ్. "సముద్రం దిక్కోళ్లు మా మాట వింటే నవ్వుతరు. మొరటు మాట అంటరు."

నేను నా రొమ్ము మీద చెయ్యి వేసుకుని చూపించాను. మా మాట సంగతీ అంతే అని. అతను నవ్వాడు.

స్వీడన్‌లో ఉత్తరపు కొసన ఎండాకాలం పొద్దు కుంకదట, చలికాలం పొద్దు పొడవదట.

"మరి గొర్రెలను ఇంటికి ఎప్పుడు తోలుకొస్తరు?" అని ఘాసీరామ్ అడిగాడు. అడిగి తానే గాభరా పడ్డట్టు ఆకాశం చూశాడు.

రాతలు కూడా రాసుకున్నారు. ఒడియా అక్షరం మన అక్షరంలాగే గుండ్రం, నున్నగా గీసిన గుండులాంటిది. సిగ్నె రాసినవి ఇంగ్లీషు అక్షరాల్లాగే ఉన్నాయి గాని కొన్నిటి నెత్తిన చుక్కలు, ఒకదానికి సున్నా. గొర్రె చెవి మీది పిడుదుల్లా ఉన్నాయి.

ఆ సాయంత్రమే అన్న వచ్చాడు. పిలవకుండా వచ్చి గొంగడి మీద కూర్చున్నాడు. అప్పటికి వాళ్లిద్దరూ ఒక ఆటలో పడ్డారు. ఆవిడ తన దేశపు మాట ఒకటి అంటుంది, ఇతను దానికి తన మాట అంటాడు.

"దొర్," అంది సిగ్నె.

"దుఆర్," అన్నాడు ఘాసీరామ్. "తలుపు, అన్నా."

"తాండ్."

"దాంత్. పన్ను."

"మూస్."

"మూసా! ఎలుక!" అతని కండ్లు మెరిశాయి. "పేరును వాళ్లు నమ్న్ అంటరు, మేం నామ్ అంటం. ఘర్ అంటే ఇల్లు, అన్నా. ఆ ఇల్లు అనాల్నంటే మేం వెనక తోక పెడతం, ఘర్‌టా అని. వాళ్లూ గట్లనే. హూస్ అంటే ఇల్లు, హూసెత్ అంటే ఆ ఇల్లు. మీరేమో ముందు పెడతరు."

"ద్వారం, దంతం, నామం మనకు లేవా?" అన్నాడు అన్న. "గిండ్ల వింతేముంది?"

ఘాసీరామ్ ఆ సంగతి ఆవిడకు చెప్పాడు. ఆవిడ నా వైపు తిరిగి ఏదో అంది.

"అవి మీరు అడిగి తెచ్చుకున్నవట. పుస్తకాలల్ల, పూజలల్ల ఉంటయట. మీ ఇంట్ల పిల్లగాడు పన్ను నొస్తుందంటడు, దంతం నొస్తుందనడు. పన్ను, తలుపు, పేరు మీ సొంతం."

ఆ మాట నాకు తగలవలసిన చోట తగిలింది. అడిగి తెచ్చుకున్నది ఇంటిది కాదు. నేను గొర్రెలను చూశాను. అవి ఘాసీరామ్‌ను చూస్తున్నాయి.

సిగ్నె చెప్పిన కథ ఇది. వేల ఏండ్ల కింద ఎక్కడో ఒకే జనం ఉన్నారు. పశువులు కాచుకునేవాళ్లు. ఒకే మాట మాట్లాడేవాళ్లు. తర్వాత పంచుకున్నారు. కొందరు మంచు దిక్కు పోయారు, కొందరు ఎండ దిక్కు వచ్చారు. వాళ్ల మాట అరిగి అరిగి ఒక కొసన స్వీడిష్ అయింది, ఒక కొసన ఒడియా అయింది. బ్రూర్ అన్నా భాయ్ అన్నా ఒకటే, అన్నదమ్ముడని. ఒడియాకు పక్కింట్లోనే ఉన్న తెలుగు మాత్రం ఆ కుటుంబంలోది కాదు.

"పంచుకున్నప్పుడు కొట్లాడుకున్నరట్నా?" అన్నాడు అన్న.

సిగ్నె తల అడ్డంగా ఊపింది. ఎవరికీ తెలియదట. కొట్లాట మిగల్లేదు, మాటలే మిగిలాయి.

"గొర్రెను ఏమంటరు?" అన్నే మళ్లీ అడిగాడు.

"ఫోర్," అంది సిగ్నె.

"మేం మేంఢా అంటం," అన్నాడు ఘాసీరామ్. రెండు మాటలనూ నోట్లో తిప్పి చూసుకున్నాడు. "ఇవి కలుస్తలేవు."

"పన్ను కలిసింది, ఎలుక కలిసింది. గొర్రె ఒక్కటే పోయింది," అన్నాడు అన్న, మంద వైపు చూస్తూ. ఆ మాటకు అన్న తనలో తాను మెల్లగా నవ్వుకోవడం నేనొక్కడినే చూశాను.

సిగ్నె ఊరు విడిచే ముందు రోజు వాళ్ల అవ్వ పశువులను పిలిచే పిలుపును మాకు పిలిచి వినిపించింది. ఎండాకాలం కొండమీది అడవికి పశువులను తోలుకుపోయి, వాళ్ల దగ్గర ఆడవాళ్లే కాచేవారట, ఆడవాళ్లే పిలిచేవారట. ఘాసీరామ్ ఆ మాట చెబుతుండగా నాగరాణి చేట పక్కన పెట్టి వచ్చి నిలబడింది. సిగ్నె గొంతు సన్నగా లేచి, ఇంకా లేచి, మనిషి గొంతు ఆగే చోట ఆగకుండా గుట్ట దాకా పోయి తిరిగొచ్చింది. గొర్రెలు రాలేదు, పారిపోలేదు. ఉన్నచోటే బిగుసుకుపోయాయి. కుక్క నేలకు కరుచుకుంది.

"విన్నవా?" అంది నాగరాణి నాతో. "గంత దూరం పోతది ఆడిదాని గొంతు." మళ్లీ చేట అందుకుంది.

తర్వాత సిగ్నె గొంతులు నింపుకునే తన మిషన్ ఘాసీరామ్ నోటి దగ్గర పెట్టింది. అతను సిగ్గుపడి, గొంతు సవరించుకుని పిలిచాడు. ఆ లో... ఆ! దూరంగా మేస్తున్న మంద పరుగున వచ్చి ఆవిడను గుద్దుకుంటూ చుట్టుముట్టింది. సిగ్నె పకపకా నవ్వింది. ఆ నవ్వుతోనే మిషన్ ఆపింది.

"ఇది మీకు కావాల్నా అని అడుగుతుంది, అన్నా. ఫోన్‌ల వేస్తదట."

నేను ఘాసీరామ్ భుజం మీద చెయ్యి వేశాను. మనిషే ఉన్నాడు, పిలుపెందుకు అని.

ఆ రోజూ వచ్చి కూర్చున్న అన్న లేచి తన ఫోన్ ఇచ్చాడు. "నాకు వెయ్యమను. యాదికుంటది."

ఆ తర్వాత నేనూ ఘాసీరామూ గుట్ట వెనక్కి పోయేవాళ్లం. నా గాలినే అతని పిలుపులా మలచడం నేర్పేవాడు. "కడుపుల నుంచి తియ్, అన్నా. గొంతును మర్చిపో." బొల్లి గొర్రె ఒకటి నా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. మిగతావి నా పెదవులు చూసి ఘాసీరామ్ వైపు పోయేవి. ఇంకొన్ని రోజులుంటే కుదిరేదేమో.

వాన ముందే పడింది. వాన పడితే బట్టీ ఆగుతుంది, బట్టీ ఆగితే లారీ వస్తుంది. వాన పడితే పంపకం. రెండూ ఒకే పొద్దున వచ్చాయి.

బయలు మీద తడి నేల. కృష్ణయ్య కర్రతో గీత గీశాడు. నేను తూర్పున, అన్న పడమట. నాగరాణి దూరంగా బండ మీద కూర్చుంది. మందను నడుమ వదిలారు.

ముందు అన్న పిలిచాడు. అన్న గొంతు అచ్చం మా నాయిన గొంతు. ముసలివి కొన్ని తలలెత్తాయి, రెండడుగులు వేశాయి, ఆగాయి. తర్వాత నేను పిలిచాను. కడుపులోంచి తీశాను. బొల్లి గొర్రె నా వైపు కదిలింది. దాని వెనక ఒకటి, ఇంకొకటి.

అప్పుడు బట్టీ దారిలో లారీ కనిపించింది. మూటల మీద మనుషులు. పైన నిలబడి కుంటి మనిషి చెయ్యి ఊపుతున్నాడు. పంపకం సంగతి అతనికి తెలుసు. నాకు సాయం చేద్దామనుకున్నాడో, మందకు పోయొస్తానని చెప్పుకున్నాడో. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ లో... ఆ!"

మంద మొత్తం ఒక్క జీవిలా తిరిగింది. గీత చెరిగిపోయింది. బొల్లి గొర్రె కూడా పోయింది. లారీ వెనక బురద తొక్కుకుంటూ వాగు దాకా ఉరికాయి. లారీ నీళ్లు దాటింది. అవి ఒడ్డున ఆగి అటే చూస్తూ నిలబడ్డాయి. నాగరాణి పోయి కర్రతో మళ్లించుకొచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

"నీ దిక్కు రాలేదు. నీ దిక్కూ రాలేదు," అన్నాడు కృష్ణయ్య. "గిట్ల నేను ఎన్నడు సూడలే. శివరాత్రి పోయినంక మళ్ల పిలవండి. అప్పటిదాక మంద పరమేష్ దొడ్డిలనే ఉంటది. కాళ్ల మాట తెలుసు గదా, ఎటు నడిస్తే అటు."

అన్న పోట్లాడతాడనుకున్నాను. చొక్కా మీది బురద గోటితో గీకుతూ, "కానియ్ పెద్దయ్యా, తొందరేముంది?" అన్నాడు.

మరునాడు పొద్దున నేను తడిక తీసి పక్కకు జరిగి నిలబడ్డాను. నాగరాణి నన్ను చూసింది.

"ఇప్పుడా?" అంది. తర్వాత పిలిచింది. ఘాసీరామ్ మాట కాదు, మా మాట. "దా... దా తల్లీ, దా!"

పెద్దవి కదల్లేదు. వానల్లో పుట్టిన పిల్లలు మాత్రం రోజురోజుకూ ఆమె గొంతుకు అలవాటయ్యాయి. కొంగు పట్టుకుని నమిలేవి. "పిల్లలు పెద్దగయితయి," అనేది. "శివరాత్రి దాక ఆగితే సాలు. తల్లులు పిల్లల ఎంబడి రాకుంటే ఏడికి పోతయి?"

ఘాసీరామ్ ఫోన్‌కు చేయించాను. ఎవరో ఆడగొంతు ఒడియాలో ఒకే మాట చెప్పేది, మళ్లీ అదే చెప్పేది. చలి మొదలై బట్టీ రాజుకుంది. లారీలు దిగాయి. అతని బావమరిది వచ్చాడు. ఘాసీరామ్ రాలేదు, కాలు పూర్తిగా పడిపోయిందట. ఇక ఎటూ పోడట.

శివరాత్రి దగ్గర పడింది. నాగరాణి పిలిస్తే పిల్లలతో పాటు తల్లులు కూడా కొన్ని లేవసాగాయి. అన్న మా వైపు రావడం మానేశాడు. కాని ఎదుటి వాలు మీద కొత్త దొడ్డి కట్టిస్తున్నాడు. మందకు చాలినంత పెద్దది. ముళ్ల కంచె మూడు దిక్కులా వేశాడు. మా వైపు వదిలేశాడు.

ఒక సాయంత్రం మందను దొడ్డిలోకి తోలుతున్నాం. పొద్దు గుట్ట మీద ఉంది. అప్పుడు వినిపించింది.

"ఆ లో... ఆ! ఆ లో... ఆ!"

ఘాసీరామ్. వచ్చాడు. కుంటుకుంటూ ఎట్లాగో వచ్చాడు. ఎదుటి వాలు మీద అతని కోసం వెతుకుతూ నాలుగడుగులు పరిగెత్తాను.

పిలుపు వెనక ఆడమనిషి నవ్వు వినిపించింది. పకపకా.

నేను ఆగిపోయాను. సిగ్నె నవ్వు, అన్న ఫోన్‌లో వేయించుకున్నది. మళ్లీ పిలుపు, మళ్లీ నవ్వు. పిలుపుకూ పిలుపుకూ నడుమ ఎవరూ ఊపిరి తీసుకోవడం లేదు. వాలు మీద మనిషి జాడ లేదు. తెరిచిన దొడ్డి ఒక్కటే కనిపిస్తోంది.

తల్లులన్నీ అటు తిరిగాయి. తడిక మూయబోతే బొల్లి గొర్రె నన్ను తొక్కుకుంటూ పోయింది.

"దా! దా తల్లీ, దా!" నాగరాణి గొంతు సన్నగా లేచి, ఇంకా లేచింది.

పిల్లలు ఆగాయి. ఆమె కాళ్ల చుట్టూ చేరాయి. తల్లులు ఆగలేదు. ఎవరూ తోలకుండా తమ కాళ్లతో వాలు ఎక్కుతున్న వాటి వీపుల మీద ఎర్ర ఎండ పడుతోంది. పిల్లలు అరుస్తున్నాయి. ఒక్క తల్లి వెనక్కి చూసింది, మళ్లీ నడిచింది.

నాగరాణి పిలుస్తూనే ఉంది. ఆమె గొంతు బొంగురుపోతోంది. అవతల నుంచి వచ్చే గొంతు మొదటిసారి ఎట్లా ఉందో అట్లాగే ఉంది. దాని వెనక ఆ నవ్వు.